వెన్నకు అంటుకున్న రాయి

ఇటు తిరుగు. దుప్పటి కాళ్ళ దాకా లాక్కో. ముందు ఆ చెయ్యి నా ముక్కు మీద నుంచి తియ్యి. మధ్యాహ్నం పచ్చడిబండ పట్టుకుని నా ముక్కుపుడక దగ్గర ఏం చేయబోయావో నేను చూడలేదనుకున్నావా, దొంగపిల్లా? స్నానానికి వెళ్తూ గూట్లో పెట్టి వెళ్ళాను. ఇంకో నిమిషం ఆలస్యమైతే దాని పని అయిపోయేది.

ఏమన్నావ్? నిజం వజ్రమైతే పగలదా? ఎవరు చెప్పారే నీకు? మీ మామయ్య కొడుకా? వాడికీ వినిపించాల్సిన కథ ఇది. నిద్రపోయాడు కాబట్టి బతికిపోయాడు. నువ్వు విను. ఊఁ కొడుతూ ఉండాలి. నీ ఊఁ ఆగితే నా కథ ఆగుతుంది.

అనగనగనగా ఒక ఊరు. ఊరి పేరు ఎర్రమిట్ట. ఆ ఊరి నేలంతా ఎర్ర మన్ను, ఆ మన్ను నిండా గులకరాళ్ళు. జొన్న వేస్తే మోకాలెత్తు కూడా లేవదు. అయినా ఆ ఊరివాళ్ళు ఊరు వదల్లేదు. ఆ మన్నులో వజ్రాలున్నాయని వాళ్ళ తాతల నాటి నుంచి ఒక నమ్మకం.

తొలకరి వాన పడిందంటే చాలు, మర్నాడు తెల్లారేసరికి ఊరు ఊరంతా చేలల్లో ఉంటుంది. వానకు పై మన్ను కొట్టుకుపోయి రాళ్ళు బయటపడతాయి కదా. అప్పుడు పిల్లా పెద్దా నడుములు వంచి, ఏటవాలు ఎండలో ఏది తళుక్కుమంటుందా అని వెతుకుతారు. అలాంటి రాయి దొరికితే నేరుగా నడివీధికి తేవాలి. అక్కడ ఒక దాగలి ఉంది. దాగలి అంటే కంసాలి బంగారాన్ని పెట్టి కొట్టే ఇనుప దిమ్మె. రాయిని దాని మీద పెట్టాలి. ఊరి కంసాలి సమ్మెటతో మూడు దెబ్బలు వేస్తాడు. పగలకపోతే వజ్రం. పగిలితే పలుగురాయి, అంటే చేలల్లో ఊరికే దొరికే తెల్లరాయి. ఆ ముక్కల్ని చీపురుతో దాగలి కింది గుంటలోకి ఊడ్చేస్తారు. అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకు పోతారు.

ఎన్నేళ్ళు గడిచినా ఏ రాయీ పగలకుండా నిలబడలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా! అయినా ఎవరికీ అనుమానం రాలేదు చూడు. ఆచారం అనేసరికి కొంతమంది బుర్రను కూడా చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచేస్తారు.

ఇంతకీ ఆ పరీక్ష ఎక్కడిదో తెలుసా? బంగారానిది. మంచి బంగారాన్ని దాగలి మీద పెట్టి కొడితే పగలదు. సాగుతుంది, రేకవుతుంది, ఇంకా కొడితే ఊదితే ఎగిరిపోయేంత పల్చనవుతుంది. పాడు కల్తీ కలిస్తే అంచులు చిట్లుతాయి. వెండి కూడా సాగుతుంది, కాకపోతే గాలికి నల్లబడుతుంది, నా పట్టీల్లాగా. బంగారం నల్లబడదు, తుప్పు పట్టదు. ఇదంతా చూసి చూసి, బంగారమే పగలనప్పుడు అంతకంటే గొప్పదైన వజ్రం పగులుతుందా అనుకున్నారు వాళ్ళు. బంగారానికి పెట్టాల్సిన పరీక్ష తీసుకెళ్ళి వజ్రానికి పెట్టారు.

ఆ ఊళ్ళో మద్దిలేటి అని ఒకాయన ఉండేవాడు. ఆయన కూతురు సుంకమ్మ. సుంకమ్మ ఉయ్యాల్లో ఉన్నప్పుడు మద్దిలేటికి చేలో చింతగింజంత రాయి దొరికింది. "ఇది వజ్రమే" అని ఆయన ఊరంతటికీ చెప్పుకున్నాడు. అప్పుడు దాన్ని దాగలి మీద పెట్టారు. మొదటి దెబ్బకే ముక్కలైపోయింది. అప్పుడు కూడా ఆయన ఊరుకోలేదు. "నాది వజ్రమే, నా మాట నమ్మండి" అంటూ మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుకోబోయాడు. ఊరంతా విరగబడి నవ్వింది. ఆ ముక్కల్ని ఆయన వేళ్ళ సందుల్లోంచే గుంటలోకి ఊడ్చేశారు. ఆ రోజు నుంచి ఆయన పేరు పలుగురాళ్ళ మద్దిలేటి అయిపోయింది.

ఆ తర్వాత ఆయన తలెత్తి నడవలేదు. తొలకరి పడితే తలుపు వేసుకుని లోపల కూర్చునేవాడు. నలుగురిలో మాట్లాడటమే మానేశాడు. సుంకమ్మ పెద్దదవుతుంటే బావి దగ్గర, చేలో, అందరూ "పలుగురాళ్ళోళ్ళ పిల్ల" అని పిలిచేవాళ్ళు. ఆ పిల్లకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు తండ్రి ఎదురుగా వెళ్ళి కూర్చుంది.

"నాయనా, ఆ పొద్దు నీకు దొరికింది నిజంగా వజ్రమేనా?"

మద్దిలేటి నేల చూపులు చూశాడు. "పగిలె కదమ్మా" అన్నాడు.

"పగిలిందా లేదా అని అడగలే. వజ్రమా, కాదా?"

"నోట్లో పెట్టుకుంటే నాలిక జిల్లుమనింది. అట్లాంటి చలువ నేను మళ్ళా యాడా చూడలే. వజ్రమేనమ్మా."

"అయితే వజ్రమే. ఊరోళ్ళ నోటితోనే ఆ మాట అనిపిస్తా, సూడు" అంది సుంకమ్మ.

చూశావా పట్టుదల! నీకూ ఉందిలే, కాదనను. కాకపోతే నీది పచ్చడిబండ పట్టుదల.

అప్పటి నుంచి సుంకమ్మ ప్రతి తొలకరికీ అందరికంటే ముందు చేలోకి దిగేది, అందరికంటే వెనక ఇంటికొచ్చేది. మొదటి ఏడు ఒక మెరిసే ముక్క దొరికింది. నాలిక మీద పెట్టి చూసింది. చప్పగా, వెచ్చగా ఉంది. ఎవరిదో పగిలిన గాజు. రెండో ఏడు ఊదారంగు స్ఫటికం దొరికింది. నాలిక మీద పెడితే చల్లగానే తగిలింది కానీ, కాసేపటికే వెచ్చబడిపోయింది. ముచ్చటగా ఉందని తెచ్చి గూట్లో పెట్టుకుంది, అంతే. మూడో ఏడు చేను గట్టు పక్కన, నీళ్ళు నిలిచిన చిన్న గుంటలో, నూనె రాసినట్టు మసకమసకగా మెరుస్తున్న ఒక రాయి కనిపించింది. నీ బొటనవేలి గోరంత ఉంటుందేమో. తీసి నాలిక మీద పెట్టుకుంది.

నాలిక జిల్లుమంది.

అయినా ఆ పిల్ల కేక వేయలేదు, గంతులు వేయలేదు. రాయిని కొంగున ముడి వేసుకుని, దాగలి వైపు పోకుండా నేరుగా ఇంటికొచ్చింది. ఆ ఊళ్ళో అది చాలా పెద్ద తప్పు.

వాళ్ళ వంటింట్లో ఒక నీళ్ళ బాన ఉండేది. నీళ్ళు తేటపడాలని దాని అడుగున తెల్ల గులకరాళ్ళు పోసి ఉంచేవాళ్ళు. రాయిని వాటి మధ్యలో పడేసింది సుంకమ్మ. రాళ్ళల్లో రాయి, ఎవరు కనిపెడతారు? ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు కూర్చుని మజ్జిగ చిలికి వెన్న తీసింది.

వెన్న తీస్తున్నదన్నమాటే కానీ మనసంతా బాన మీదే ఉంది. ఉండబట్టలేక వెన్న చేత్తోనే బానలో చెయ్యి పెట్టింది. గుప్పెడు రాళ్ళు తీసి చూస్తే అన్నీ తెల్లగా, తడితడిగా ఒకేలా ఉన్నాయి. తన రాయి ఏదో తనకే తెలియలేదు! ఏడుపొచ్చేసింది పాపం. అరచెయ్యి వాల్చింది. తడి రాళ్ళన్నీ జరజరా జారిపోయాయి. ఒక్కటి మాత్రం జారలేదు. వెన్నకు అంటుకుని అరచేతిలోనే ఉండిపోయింది.

సుంకమ్మ దాన్ని మళ్ళీ బానలో వేసింది. మళ్ళీ వెన్న చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. మళ్ళీ అదే అంటుకుంది. మూడోసారీ అంతే. నీళ్ళకు తడవని రాయి అది. పలుగురాళ్ళు నీళ్ళను ఒంటికి పూసుకుంటాయి, అందుకని వాటికి వెన్న అంటదు. వజ్రానికి నీళ్ళంటే గిట్టదు, వెన్న కనిపిస్తే వదలదు. అచ్చం నీలాగే, స్నానమంటే పరుగు, వెన్నముద్దంటే హాజరు.

ఆ తర్వాత రాయి మీద ఊది చూసింది. పలుగురాయి మీద ఊదితే ఆవిరి కాసేపు నిలిచింది. ఈ రాయి మీద ఊదితే పట్టిన ఆవిరి పట్టినట్టే పోయింది. తీసుకెళ్ళి తండ్రికి చూపించింది. మద్దిలేటి దాన్ని ముట్టుకోలేదు. "దాచిపెట్టమ్మా. చూస్తే కొడతారు" అన్నాడు. సుంకమ్మ దాన్ని మళ్ళీ కొంగున ముడి వేసుకుంది.

దాచాలంటే ఆగే ఊరా అది? చేలో సుంకమ్మ వంగి ఏదో తీయడం ఎవరో చూడనే చూశారు. ఎండెక్కేసరికి ఊరి పెద్ద గంగిరెడ్డి కబురు పెట్టాడు. ఊరంతా నడివీధిలో చేరింది. దాగలి పక్కన కంసాలి కంబాచారి సమ్మెట పట్టుకుని నిలబడ్డాడు. మద్దిలేటి రాయిని పగలగొట్టింది కూడా ఆయన చెయ్యే.

"మ్మేయ్ సుంకీ, రాయి దొరికిందంట కదా. తెచ్చి దాగలి మీద పెట్టు" అన్నాడు గంగిరెడ్డి.

"పెట్టను పెదనాయనా."

"పెట్టకుంటే అది పలుగురాయి కిందే లెక్క. మీ నాయన మాదిరే నువ్వూ."

అప్పుడు సుంకమ్మ కొంగుముడి విప్పింది. రాయి మొనతో దాగలి అంచు మీద గీసింది. ఇనుము మీద గీత పడింది. కంబాచారిని గీటురాయి అడిగి తీసుకుని, బంగారం రుద్ది చూసే ఆ నల్లరాయి మీద గీసింది. గీత పడింది. కింద పడి ఉన్న పలుగురాయి తీసి దాని మీద గీసింది. అక్కడ కూడా లోతుగా గీత పడింది. ఆమె రాయి మీద మాత్రం చిన్న గాటు కూడా లేదు.

"నాది పలుగురాయే అయితే పలుగురాయినే ఎట్ల కోస్తుంది, చెప్పండి" అంది.

జనం గుసగుసలాడుకున్నారు. గంగిరెడ్డి మాత్రం వదల్లేదు. "అంత గట్టిదయితే సమ్మెటంటే భయమేంటికి?" అన్నాడు. "అవునవును, భయమేంటికి?" అంది ఊరు.

 అంత గట్టి రాయి ఎందుకు పగులుతుందో సుంకమ్మకూ తెలియదు. తెలియకపోయినా తండ్రి మాట మీద నమ్మకం ఉంది. రాయిని గుప్పిట్లో బిగించి, ఆ గుప్పిటను దాగలి మీద పెట్టింది.

"కంబాచారి మామా, కొట్టాలంటే నా చెయ్యి మీద కొట్టు."

కంబాచారి సమ్మెట పైకి ఎత్తనే ఎత్తాడు. ఆ పిల్ల కళ్ళు మూసుకోలేదు, చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆయనే సమ్మెట దించేసి, "నా వల్ల కాదు రెడ్డీ" అన్నాడు.

అప్పుడు సుంకమ్మ గట్టిగా అంది. "ఈ దాగలి కింద మీరు ఊడ్చేసిన ముక్కలన్నీ ఉన్నాయి. తవ్వి తీయండి. వెన్న పూసిన పలక మీద పోసి, పైన నీళ్ళు పోస్తా. అన్నీ జారిపోతే అన్నీ పలుగురాళ్ళే. అప్పుడు నా రాయిని నేనే దాగలి మీద పెడతా, మామ కొట్టొచ్చు. ఒక్కటి అంటుకున్నా మా నాయన మాట నిజమని అందరూ ఒప్పుకోవాల."

ఎవరూ కదల్లేదు. తవ్వే పని ఎవరికి కావాలి చెప్పు? అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ ఉంటే, జనం వెనక నుంచి ఒక మనిషి పార పట్టుకుని వచ్చాడు. మద్దిలేటి! ఎవరినీ పలకరించలేదు. దాగలి పక్కన పార గుచ్చి తవ్వడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత సుంకమ్మ తల్లి చన్నీళ్ళలో వేసి ఉంచిన వెన్న తెచ్చింది. గట్టి వెన్న. దాన్ని చెక్క పలకకు దట్టంగా పూసి ఏటవాలుగా నిలబెట్టారు. మొదటి గంప పోశారు. నీళ్ళు పోశారు. అంతా జారిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. రెండో గంప పోశారు. నీళ్ళు పోశారు. అదీ జారిపోయింది. ఈసారి చాలామంది నవ్వారు. గంగిరెడ్డి సమ్మెట వైపు చూశాడు. సుంకమ్మ పెదవి కొరుక్కుంది కానీ రాయి పట్టుకున్న గుప్పిట సడలించలేదు.

"ఇంకా లోతుకు తవ్వు నాయనా" అంది.

మద్దిలేటి నడుము లోతు గుంటలోకి దిగి మూడో గంప నింపాడు. పోశారు. నీళ్ళు పోశారు. మన్ను జారింది, గులకలు జారాయి, తెల్లముక్కలు జారాయి. నీళ్ళు తేటపడ్డాక పలక మీద ఆవగింజలంత, మినపగింజలంత ముక్కలు అంటుకుని కనిపించాయి. ఎండ తగిలి అవన్నీ ఒక్కసారే తళుక్కుమన్నాయి.

నవ్వులు ఆగిపోయాయి.  ఒకావిడ తన తల్లి తెచ్చిన రాయిని గుర్తు తెచ్చుకుంది. ఒకాయన తన తాతది తలచుకున్నాడు. గంగిరెడ్డి అక్కడే మట్టిలో చతికిలపడ్డాడు. "మా అవ్వకు శనక్కాయంత రాయి దొరికిండెనంట. పగిలిందని ఆమెను ఎంత ఎగతాళి చేసినామో" అన్నాడు. ఆ ఊరు బీద ఊరు కాదమ్మా. తన చేతులతో తన వజ్రాలన్నీ పొడి చేసుకున్న ఊరు.

కంబాచారి సమ్మెట కింద పడేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఈ చేత్తోనే కదా మద్దిలేటీ, ఈ చేత్తోనే" అన్నాడు.

మద్దిలేటి గుంటలోంచి పైకి వచ్చి, మట్టి చేత్తో ఆయన భుజం పట్టుకున్నాడు. "నా రాయి కూడా ఇందులోనే యాడో ఉంటుంది చారీ. దొరికె కదా" అన్నాడు. అంతమందిలో ఆయన మాట్లాడటం సుంకమ్మ చూడటం అదే మొదటిసారి.

ఊఁ కొట్టవేం? నిద్రొచ్చిందా? రాలేదా? సరే, ఇంకొంచెమే ఉంది.

ఆ తర్వాత కంబాచారికి పంతం పట్టుకుంది. "పగలగొట్టింది నేనే, ఈ రాయికి మెరుగు పెట్టేదీ నేనే" అన్నాడు. సుంకమ్మ రాయి ఇంకా మసకగానే ఉంది కదా. ఆకురాయితో రాశాడు. ఆకురాయి పళ్ళు అరిగాయి. ఇసుకతో రుద్దాడు. ఇసుక పిండైపోయింది. కెంపులకూ నీలాలకూ సానపట్టే కురువిందం పొడి తెప్పించి రుద్దాడు. ఆ పొడి అయిపోయింది కానీ రాయి ఒక్క పిసరు అరగలేదు.

అప్పుడు సుంకమ్మ, మద్దిలేటి, కంబాచారి ముగ్గురూ కలిసి పట్నంలో రాళ్ళకు సానపట్టే ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళారు. ఆయన రాయిని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. సమ్మెట సంగతి వినేసరికి తల పట్టుకున్నాడు.

"గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు నాయనా" అన్నాడు. "బంగారం మెత్తనిది. గోరు గట్టిగా నొక్కినా సొట్ట పడేట్టుంటుంది. కానీ దెబ్బ పడితే సాగుతుంది, దెబ్బను ఓర్చుకుంటుంది. వజ్రం మీద ఏదీ గీత పెట్టలేదు. అయినా కట్టెకు చీలే వాటం ఉన్నట్టే దీనికీ ఉంటుంది. ఆ వాటాన దెబ్బ పడిందంటే చటుక్కున చీలిపోతుంది."

ఆ మాట వినగానే సుంకమ్మ తండ్రి వైపు చూసింది. గంగిరెడ్డి అడిగిన ప్రశ్నకు జవాబు అదీ.

"మరి దీన్ని అరగదీసేది ఎట్ల?" అన్నాడు కంబాచారి.

"వజ్రాన్ని అరగదీసేది వజ్రం ఒక్కటే. వజ్రప్పొడి నూనెలో కలిపి సానచక్రానికి పూయాలి. ఆ పొడికే నాకు ఏళ్ళ తరబడి కరువు. నలగ్గొట్టడానికి వజ్రాన్ని ఎవరు ఇస్తారు?" అని నిట్టూర్చాడు ముసలాయన.

అప్పుడు సుంకమ్మ నడుమున కట్టుకున్న మూట విప్పింది. అందులో దాగలి కింది నుంచి తీసిన ముక్కలూ పొడీ ఉన్నాయి. దేనికైనా పనికొస్తుందేమో కనుక్కోమని ఊరు ఊరంతా కలిసి ఇచ్చి పంపిన పొడి. మద్దిలేటి రాయి, గంగిరెడ్డి అవ్వ రాయి, ఎవరెవరివో పేరు తెలియని వాళ్ళ రాళ్ళు, అన్నీ కలిసిపోయిన పొడి. ముసలాయన దాన్ని వేలితో తాకి నోరు తెరిచాడు.

దాన్ని ఇంకా మెత్తగా నలగ్గొట్టి, నూనెలో కలిపి చక్రానికి పూశారు. చక్రం తిప్పడానికి పనివాడు వస్తానంటే మద్దిలేటి ఒప్పుకోలేదు. "నేనే తిప్పుతా" అన్నాడు. తండ్రి చక్రం తిప్పుతుంటే కూతురి రాయి అరిగింది. తండ్రి పగిలిన రాయే కూతురి రాయికి వెలుగు తెచ్చింది.  

చివరికి ముసలాయన రాయిని తుడిచి కిటికీ దగ్గర పట్టుకున్నాడు. ఎండ దానిలోకి వెళ్ళి రంగురంగుల ముక్కలై గోడ మీద, పైకప్పు మీద, మద్దిలేటి మొహం మీద పడింది. కింది నేల చూసి చూసి అలవాటైన ఆ మనిషి, పైకప్పు మీద రంగులు చూడటానికి తల పైకెత్తాడు. ఎత్తిన తల మళ్ళీ దించలేదు.

వాళ్ళు ఊరికి వచ్చేసరికి గంగిరెడ్డి ఎదురొచ్చాడు. నలుగురి ముందూ, "తప్పయిపోయింది. నీ మాట నిజం. ఇంక నువ్వు వజ్రాల మద్దిలేటివి" అన్నాడు.

"వద్దు రెడ్డీ. నా పేరు మద్దిలేటి. అట్లనే పిలువు, సాలు" అన్నాడు ఆయన.

ఆ రోజు నుంచి అందరూ అలాగే పిలిచారు. నడివీధిలో దాగలి ఇప్పటికీ ఉందట. దాని మీద బంగారం సాగదీస్తారు, కొడవళ్ళు పదును పెడతారు. తొలకరి పడితే మాత్రం దాని పక్కన ఒక పలక, ఒక గిన్నె వెన్న పెడతారు. ఆ వెన్న చిలికి ఇచ్చేది సుంకమ్మే.

అదే బంగారూ కథ. గట్టిగా ఉన్నవాళ్ళను చూసి వీళ్ళకు దెబ్బ తగలదులే అనుకోకు. మీ అమ్మను కూడా అలాగే అనుకుని అప్పుడప్పుడు మాటలు విసురుతావు. అది నాకు నచ్చదు.

ఇదిగో, ముక్కుపుడక తీశాను. పట్టుకో, జాగ్రత్త. ఊదు. మళ్ళీ ఊదు. చూశావా, ఆవిరి ఎలా మాయమైందో? మీ తాతయ్య తెచ్చి వజ్రమన్నప్పుడు నేనూ ఇలాగే ఊది చూశాకే నమ్మాను. పచ్చడిబండ పొద్దున్నే తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేసెయ్. ఇక కళ్ళు మూసుకో.

సమ్మెట చేరె మూలకి,
వెన్న చేరె గిన్నెకి,
వెలుగు చేరె మద్దిలేటి మొహానికి,
కునుకు చేరాలి నీ కంటికి.
కథ నడిచె కంచికి,
మనమిద్దరం దుప్పటి కిందికి.